నోట్ ఒకచోట, కాడ ఒకచోట: మ్యూజిక్ ఫాంట్లపై పాఠకుల ప్రశ్నలు

స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో (డొరికో, ఫినాలే, మ్యూజ్‌స్కోర్, సిబేలియస్, లిలీపాండ్ లాంటివి) సొంత మ్యూజిక్ ఫాంట్లు, అంటే అక్షరాల బదులు సంగీత గుర్తులుండే ఫాంట్లు, వాడబోయి చిక్కుల్లో పడ్డ పాఠకుల ప్రశ్నలివి. ఒకే ఇబ్బందిని నలుగురైదుగురు అడిగిన చోట ఒకే ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: కొత్త మ్యూజిక్ ఫాంట్ ఇన్‌స్టాల్ చేశాను. వర్డ్‌లో దాని పేరు కనిపిస్తోంది. డొరికోలో లైబ్రరీ మెనూ కింద మ్యూజిక్ ఫాంట్స్ తెరిస్తే మాత్రం జాబితాలో లేదు. రెండుసార్లు తీసేసి మళ్లీ వేసినా అంతే. తప్పెక్కడుంది?

జవాబు: ఫాంట్ బాగానే ఎక్కింది. దానికి జతగా ఉండాల్సిన రెండో ఫైలు చేరాల్సిన చోటికి చేరలేదు. మీరు డౌన్‌లోడ్ చేసిన జిప్‌ను మళ్లీ విప్పి చూడండి. అసలు ఫాంట్ అయిన ఓటీఎఫ్ ఫైలు పక్కనే ‘మెటాడేటా’ అని చివర ఉన్న జేసన్ అనే టెక్స్ట్ ఫైలు ఒకటి ఉంటుంది. మామూలు అక్షరాల ఫాంట్‌కు ఇలాంటిది అక్కర్లేదు. మ్యూజిక్ ఫాంట్‌లో మాత్రం స్టాఫ్ (నోట్లు రాసే అయిదు గీతల వరస) గీత ఎంత మందం, కాడ (నోట్ నుంచి లేచే నిలువు గీత) నోట్‌కు ఎక్కడ తగలాలి, ఒక్కో గుర్తు ఎంత చోటు పడుతుంది అన్న లెక్కలన్నీ అందులోనే ఉంటాయి. అది దొరక్కపోతే డొరికో ఆ ఫాంట్‌ను మ్యూజిక్ ఫాంట్‌గా లెక్కలోకి తీసుకోదు.

ఆ ఫైలు ఉండాల్సిన చోటును స్మూఫుల్ ప్రమాణం నిర్ణయించింది. స్మూఫుల్ అంటే మ్యూజిక్ ఫాంట్లలో ఏ గుర్తు ఏ కోడ్‌లో ఉండాలో చెప్పే ఉమ్మడి పట్టిక. 2013లో స్టైన్‌బెర్గ్ సంస్థ బ్రవురా ఫాంట్‌తో పాటు దీన్ని బయటపెట్టింది. 2015 నుంచి వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంఘం చూసుకుంటోంది. విండోస్‌లో అయితే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని కామన్ ఫైల్స్ ఫోల్డర్‌లో ‘స్మూఫుల్’ పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల ‘ఫాంట్స్’, దాని లోపల మీ ఫాంట్ పేరుతో మరో ఫోల్డర్ ఉండాలి. జేసన్ ఫైలు అందులో పెట్టాలి. మ్యాక్‌లో లైబ్రరీ, అప్లికేషన్ సపోర్ట్, ఆ తర్వాత ఇదే వరస. స్మూఫుల్ స్పెల్లింగ్ ఎస్, ఎం, యు, ఎఫ్, ఎల్. అందులో యు ఒక్కటే చిన్న అక్షరం. మ్యాక్, విండోస్ మామూలుగా చిన్నా పెద్దా తేడాను పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది.

ఎక్కువమంది తడబడేది ఫైలు పేరు దగ్గర. జిప్‌లో వచ్చిన పేరు అలాగే ఉంచేస్తారు. ‘మెటాడేటా’ అన్న తోక తీసేసి, ఫోల్డర్‌కు ఏ పేరుందో ఫైలుకూ అదే పెట్టండి. ఫైలు లోపల మొదట్లో ‘ఫాంట్‌నేమ్’ అని ఒక వరస ఉంటుంది. అక్కడి పేరూ, ఫాంట్ అసలు పేరూ ఖాళీలతో సహా ఒకటే కావాలి. తర్వాత డొరికోను పూర్తిగా మూసి తెరవండి.

అప్పటికీ రాకపోతే విండోస్‌లో ఇంకొకటి చూడాలి. ఫాంట్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే అది మీ ఒక్కరి ఖాతాలోకే వెళుతుంది. కొన్ని ప్రోగ్రాములు ఆ చోటు చూడవు. రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకోండి.

ప్రశ్న: పాత ఫినాలే ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ట్రెబుల్ క్లెఫ్ (స్టాఫ్ మొదట్లో స్థాయిని చెప్పే గుర్తు) ఉండాల్సిన చోట & గుర్తు, బాస్ క్లెఫ్ చోట ? గుర్తు వచ్చాయి. మరో ఫైలులో క్లెఫ్‌లు సరిగ్గానే ఉన్నాయి, నోట్లే పాడయ్యాయి. ఫైళ్లు చెడిపోయినట్టా?

జవాబు: చెడిపోలేదు. ఈ రెండూ వేర్వేరు రోగాలు, మందులూ వేరు.

యూనికోడ్ రాకముందు డీటీపీలో వాడిన తెలుగు ఫాంట్లు గుర్తున్నాయా? ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కనిపించేవి. పాత మ్యూజిక్ ఫాంట్లదీ అదే పద్ధతి. అడోబీ సంస్థ 1980ల మధ్యలో తెచ్చిన సొనాటా ఫాంట్ ఈ దారి వేసింది. కీబోర్డు మీద ఏ మీట నొక్కితే ఏ గుర్తు గుర్తుకొస్తుందో చూసి, మెలికల ఆకారం ఉన్న & మీటకు ట్రెబుల్ క్లెఫ్‌ను, ? మీటకు బాస్ క్లెఫ్‌ను, # మీటకు షార్ప్‌ను ఇచ్చారు. ఫినాలేతో వచ్చిన పెట్రూచి, మాయెస్ట్రో ఫాంట్లు ఆ అమరికనే అనుసరించాయి. అందుకే & కనిపించిందంటే ఫాంట్ ఆ కంప్యూటర్‌లో లేదు, దాని బదులు మామూలు అక్షరాల ఫాంట్ ఎక్కింది అని అర్థం. ఫాంట్ ఇన్‌స్టాల్ చేసి ఫైలు మళ్లీ తెరిస్తే చాలు. కంగారులో ఫైలు సేవ్ చేయకండి. కొన్నిసార్లు బదులు వచ్చిన ఫాంట్ పేరే ఫైలులో స్థిరపడిపోతుంది.

రెండో ఫైలులో ఫాంట్ ఉంది, కోడ్ తప్పింది. క్లెఫ్‌లు, హోల్ నోట్ (అది చిన్న డబ్ల్యూ మీట) కోడ్ 127 లోపే ఉంటాయి, మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ ఆ భాగం ఒక్కటే. నల్ల నోట్‌హెడ్ (నోట్ గుండ్రటి తల) 207వ స్థానంలో, హాఫ్ నోట్‌హెడ్ 250వ స్థానంలో ఉన్నాయి. 127 దాటాక మ్యాక్ పట్టిక వేరు, విండోస్ పట్టిక వేరు. 207 అంటే మ్యాక్‌లో ఓ, ఈ అతుక్కున్న అక్షరం. విండోస్‌లో నెత్తిన రెండు చుక్కలున్న ఐ. ఫైలు ఒకదాని నుంచి రెండోదానికి వెళ్లేటప్పుడు ఫినాలే ‘ఇవి అక్షరాలు కదా’ అనుకుని కోడ్‌లను మారుస్తుంది. క్లెఫ్‌లకు నష్టం లేదు, నోట్‌హెడ్లు మాత్రం మరో స్థానానికి గెంతుతాయి. అలా మార్చకూడని ఫాంట్ల పేర్లు ‘మ్యాక్‌సింబల్‌ఫాంట్స్’ అనే టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. బయట నుంచి తెచ్చుకున్న పాత ఫాంట్ పేరును అందులో ఒక వరసగా చేర్చి, ఫినాలే మూసి, అసలు ఫైలును మళ్లీ తెరవండి. ఈలోగా సేవ్ చేసిన నకలు దీనితో బాగుపడదు.

ఇక & కాకుండా ఖాళీ చతురస్రాలు వస్తే అది స్మూఫుల్ ఫాంట్ లేకపోవడం. స్మూఫుల్ గుర్తులు యూనికోడ్‌లో ఎవరికీ కేటాయించని ప్రైవేటు ప్రాంతంలో ఉంటాయి. అక్కడ వేరే ఫాంట్లకు సాధారణంగా ఏమీ ఉండదు కాబట్టి డబ్బాలు వస్తాయి. ఫినాలే 2021 నాటి 27వ వెర్షన్ నుంచి స్మూఫుల్‌ను అర్థం చేసుకుంటుంది. 2024 ఆగస్టులో ఆ ప్రోగ్రాం అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించారు. పాత ఫైళ్లున్నవాళ్లు ఫాంట్లు సరిగ్గా ఉన్న ఈ కంప్యూటర్ నడుస్తుండగానే అన్నింటినీ మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌గా (వేర్వేరు స్వరలిపి ప్రోగ్రాములు చదవగల ఉమ్మడి ఫార్మాట్), పీడీఎఫ్‌గా కూడా తీసి పెట్టుకోవడం మంచిది.

ప్రశ్న: ఫాంట్లు గీసే ఫాంట్‌ఫోర్జ్ ప్రోగ్రాంలో సొంతంగా నోట్‌హెడ్ గీశాను, మామూలు దానికంటే కాస్త వెడల్పుగా. స్కోరులో పెడితే పైకి వెళ్లే కాడ నోట్‌హెడ్ లోపల నుంచి మొలిచినట్టుంది. అంకెలు మార్చి చూస్తే ఈసారి కాడ పేజీ అవతలికి పోయింది!

జవాబు: పేజీ అవతలికి పోయిందంటే కొలమానం తప్పిందన్నమాట. జేసన్ ఫైలులోని కొలతలన్నీ స్టాఫ్ స్పేస్‌లలో ఉండాలి, అంటే రెండు స్టాఫ్ గీతల మధ్య దూరం ఒకటి. ఫాంట్‌ఫోర్జ్ తెర మీద కనిపించే అంకెలు ఫాంట్ యూనిట్లు. స్మూఫుల్ లెక్కలో ఒక ఎమ్ (ఫాంట్ గీసే చతురస్రం ఎత్తు) అంటే అయిదు గీతల స్టాఫ్ మొత్తం ఎత్తు, నాలుగు స్పేస్‌లు. ఎమ్ 1000 యూనిట్లయితే స్పేస్ 250. ఎమ్ 2048 అయితే 512. మీ ఫాంట్‌లో ఎమ్ ఎంతో ఎలిమెంట్ మెనూ, ఫాంట్ ఇన్ఫో, జనరల్‌లో కనిపిస్తుంది.

బ్రవురా నల్ల నోట్‌హెడ్‌నే తీసుకుందాం. వెడల్పు 295 యూనిట్లు, 250తో భాగిస్తే 1.18. నిలువునా మైనస్ 125 నుంచి 125 దాకా, అంటే సున్నా గీతకు అటూ ఇటూ అర స్పేస్. పైకి వెళ్లే కాడ తగిలే బిందువును ‘స్టెమ్‌అప్‌ఎస్ఈ’ అంటారు. అది 1.18, 0.168. కిందికి దిగే కాడది ‘స్టెమ్‌డౌన్‌ఎన్‌డబ్ల్యూ’. అది 0, మైనస్ 0.168. మీ నోట్‌హెడ్ వెడల్పు 330 అనుకుంటే మొదటి అంకె 330ని 250తో భాగించగా వచ్చే 1.32 అవుతుంది. మీరు అక్కడ 330 అనే రాసి ఉంటారు. ప్రోగ్రాం కాడను 330 స్పేస్‌ల అవతల గీసింది, పాపం దాని తప్పేం లేదు.

ఈ బిందువు కాడ మధ్యలోది కాదు. పేరులోని ఎస్ఈ అంటే ఆగ్నేయ మూల. పైకి వెళ్లే కాడ కింది కుడి మూల అక్కడికి వస్తుంది, కాడ మందం దానికి ఎడమవైపు నిండుతుంది. మందం 0.12 అయితే మీ కాడ 1.20 నుంచి 1.32 దాకా. నోట్‌హెడ్ కుడి అంచు, కాడ కుడి అంచు ఒకే నిలువు గీత మీద ఉండాలంటే ఇదే పద్ధతి. మందంలో సగం కలపడం, తీసేయడం లాంటివి చేస్తే సన్నటి సందు గానీ చిన్న మెట్టు గానీ మిగులుతుంది. తెర మీద కనిపించదు, ముద్రణలో బయటపడుతుంది. రెండో అంకె, అంటే ఎత్తు, కాడ నోట్‌హెడ్ వంపులో ఎక్కడ దాక్కోవాలో చెబుతుంది. వాలుగా గీసిన అండాకారంలో కుడి అంచు అన్నింటికంటే బయటికి వచ్చే ఎత్తు చూసి అదే ఇవ్వండి. మరీ పైకి పెడితే కాడ అడుగున మూల తేలిపోతుంది.

అంకెలు సరిచేశాక కూడా పక్క నోట్‌కు, షార్ప్‌కు గుద్దుకుంటే జేసన్‌లో ఒక్కో గుర్తు పట్టే చోటు కొలతలుండే ‘గ్లిఫ్‌బీబాక్సెస్’ విభాగం చూడండి. ఆకారం మారినా అక్కడ పాత కొలతలే ఉండిపోతాయి. నోట్‌హెడ్ ఎడమ అంచు కచ్చితంగా సున్నా మీద ఉందా, ఎడమ పక్క ఖాళీ సున్నాయేనా అన్నదీ చూసుకోండి. అక్కడ పది యూనిట్లు మిగిలితే కిందికి దిగే కాడలన్నీ అంత దూరం ఎడంగా నిలబడతాయి.

హాఫ్ నోట్‌లో రంధ్రం పూడుకుపోతే అది గీత తిరిగే దిశ సమస్య. ఎలిమెంట్ మెనూలో కరెక్ట్ డైరెక్షన్ కొడితే సరిపోతుంది. జేసన్‌ను వర్డ్‌లో మాత్రం దిద్దకండి. అది నిటారు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చేస్తుంది, ప్రోగ్రాం ఫైలు మొత్తాన్నీ తోసిపుచ్చుతుంది. చివరి అంకె తర్వాత మిగిలిపోయిన కామా కూడా అంత పనీ చేస్తుంది.

ప్రశ్న: మ్యూజ్‌స్కోర్‌లో లీలాండ్ ఫాంట్ నుంచి బ్రవురాకు మారాను. నేను ఓపిగ్గా సరిచేసుకున్న గీతల మందాలన్నీ పోయాయి. అదే సమయంలో టెంపో దగ్గరున్న చిన్న నోట్ బొమ్మ మాత్రం మారలేదు.

జవాబు: ఫార్మాట్, స్టైల్, స్కోర్ పేజీ తెరవండి. అక్కడ మ్యూజికల్ సింబల్స్ ఫాంట్, మ్యూజికల్ టెక్స్ట్ ఫాంట్ అని రెండు విడివిడిగా ఉన్నాయి. మీరు మొదటిదే మార్చారు. టెంపోలోని నోట్ అక్షరాల మధ్య వచ్చేది కాబట్టి రెండోదాని నుంచి వస్తుంది.

మందాలు పోవడానికి కారణం ‘ఆటోమేటిగ్గా ఫాంట్‌ను బట్టి స్టైల్ సెట్టింగులు తెచ్చుకో’ అన్న టిక్కు. అది ఉంటే ఫాంట్ మెటాడేటాలోని కొలతలు మీ కొలతల మీద పరుచుకుంటాయి. ఉదాహరణకు బ్రవురా స్టాఫ్ గీతకు 0.13, కాడకు 0.12, బీమ్‌కు (నోట్లను కలిపే మందపాటి గీత) 0.5 స్పేస్ అడుగుతుంది. మా సలహా: మొదట టిక్కు ఉంచే ఫాంట్ మార్చండి, ఎందుకంటే ఆ గుర్తులు గీసినవాళ్లు గీతల మందం కూడా వాటితో పాటే తూకం వేసి ఉంటారు. ఆ తర్వాత టిక్కు తీసి మీ మార్పులు చేసుకుని, స్టైల్ ఫైలుగా సేవ్ చేసి పెట్టుకోండి.

ప్రశ్న: సిబేలియస్‌లో మెయిన్ మ్యూజిక్ ఫాంట్ మార్చినా కొన్ని గుర్తులు పాత ఓపస్ ఫాంట్‌లోనే ఉన్నాయి.

జవాబు: ఓపస్ ఒక్క ఫాంట్ కాదు, కుటుంబం. మామూలు గుర్తులు ఒకదాంట్లో, ప్రత్యేక గుర్తులు, తాళవాద్యాలవి, అక్షరాల మధ్య వాడేవి వేర్వేరు ఫాంట్లలో ఉన్నాయి. ఎడిట్ ఆల్ ఫాంట్స్‌లో మార్చింది అందులో కొంత భాగమే. ఎడిట్ సింబల్స్ డైలాగ్‌లో మ్యూజిక్ ఫాంట్స్ బటన్ నొక్కితే ఏ రకం గుర్తుకు ఏ ఫాంట్ అన్నది వస్తుంది. అక్కడ ఒక్కొక్కటే మార్చాలి. అయితే కొత్త ఫాంట్ ఓపస్ అమరికలోనే తయారైనదై ఉండాలి. పాత సిబేలియస్‌లో నేరుగా స్మూఫుల్ ఫాంట్ పేరు ఇస్తే గుర్తులు మాయమవుతాయి, ప్రోగ్రాం వెతికే కోడ్‌లలో అక్కడ ఏమీ ఉండదు.

ప్రశ్న: నా సొంత ఫాంట్‌తో చేసిన స్కోరును మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌గా పంపితే అవతలివాళ్లకు మామూలు ఫాంట్‌లో కనిపించింది. ఫాంట్‌ను కూడా అందులో ఇమడ్చలేమా?

జవాబు: ఇమడ్చలేం. ఆ ఫార్మాట్ ‘ఇది ఎఫ్ షార్ప్, క్వార్టర్ నోట్, మీద ఫెర్మాటా’ అని అర్థం చెబుతుంది, బొమ్మ పంపదు. మ్యూజిక్ ఫాంట్ పేరుకు ఒక చోటుంది గానీ అది సూచన మాత్రమే. మీ ఫాంట్‌లో మాత్రమే ఉన్న గుర్తులకు 2017లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచి స్మూఫుల్ పేరు జతచేసే వీలుంది, అవతలి ప్రోగ్రాం దాన్ని చదవగలిగితే పనికొస్తుంది. రూపం చెడకుండా వెళ్లాలంటే పీడీఎఫ్ పంపండి, అందులో ఫాంట్ ఇమిడిపోతుంది. పంపే ముందు రీడర్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ కింద ఫాంట్స్ పేజీ చూడండి, పేరు పక్కన ‘ఎంబెడెడ్’ అని ఉండాలి. లేదంటే ఫాంట్ చేసినవాళ్లు అందులో ఇమడ్చకూడదన్న నిషేధం పెట్టి ఉండొచ్చు.

ప్రశ్న: వర్డ్‌లో పాఠం రాస్తూ మధ్యలో బ్రవురాతో ఒక నోట్ పెడితే ఆ వరస ఒక్కటే కిందా పైనా విపరీతంగా ఎడం అవుతోంది.

జవాబు: స్కోరు కోసం చేసిన ఫాంట్‌ను వాక్యంలో పెట్టారు. అందులో చాలా పొడవైన గుర్తులు ఉంటాయి కాబట్టి వాటి తల తెగిపోకుండా వరస ఎత్తు బాగా పెంచి ఉంటుంది. బ్రవురా టెక్స్ట్ అని విడిగా ఉన్నది ఈ పనికే. టెంపో రాసేందుకు కాడతో సహా ఉన్న క్వార్టర్ నోట్ కావాలంటే, ఇంగ్లిష్‌లో ఈ, సీ, ఏ అక్షరాలు, వెంటనే 5 టైపు చేసి, విండోస్ వర్డ్‌లో ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. డబ్బా వస్తే దాన్ని ఎంచి బ్రవురా టెక్స్ట్ పెట్టండి. అప్పటికీ ఎడం ఉంటే పేరాకు లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ చేసి పాయింట్లలో అంకె ఇవ్వండి.

ప్రశ్న: లిలీపాండ్‌లో వేరే ఫాంట్ పెట్టాక చిన్న సైజు స్కోరు పేలవంగా, సన్నగా కనిపిస్తోంది. ఇదివరకు అలా లేదు.

జవాబు: మీ కళ్లది తప్పు కాదు. లిలీపాండ్ సొంత ఫాంట్ ఎమెంటాలర్ ఎనిమిది సైజులకు ఎనిమిది వేర్వేరు రూపాలతో ఉంటుంది: 11, 13, 14, 16, 18, 20, 23, 26. చిన్నదానిలో గుర్తులు కావాలనే కాస్త బరువుగా గీశారు. బయటి ఫాంట్లలో చాలావాటికి ఒకే రూపం, దాన్నే కుదిస్తే గీతలూ సన్నబడతాయి. చిన్న సైజు పార్టులకు ఎమెంటాలర్‌నే ఉంచడం మేలు, మీ ఫాంట్‌ను 20, ఆ పైన సైజులకు వాడండి.

గుర్తుల సైజే స్టాఫ్‌కు సరిపోకపోతే కారణం వేరు. 2.24 వెర్షన్ దాకా పేపర్ బ్లాకులో ‘సెట్-గ్లోబల్-ఫాంట్స్’ అన్న ఆదేశంతో ఫాంట్ మారుస్తాం. స్టాఫ్ సైజు 20 కానప్పుడు అందులో ‘ఫ్యాక్టర్’ విలువగా స్టాఫ్ ఎత్తును 20తో భాగించి ఇవ్వాలి. ఆ ఆదేశం పిలిచిన ప్రతిసారీ మీరు పేర్కొనని ఫాంట్లన్నీ మొదటికొస్తాయి, కాబట్టి మ్యూజిక్, బ్రేస్ (స్టాఫ్‌లను కలిపే మీసాల బ్రాకెట్), అక్షరాల ఫాంట్లు మూడూ ఒకే చోట రాయండి. లిలీపాండ్ గుర్తులను కోడ్‌తో కాక పేర్లతో వెతుకుతుంది. అందువల్ల స్మూఫుల్ ఫాంట్‌ను తెచ్చి ఆ ఫోల్డర్‌లో పడేస్తే నడవదు, లిలీపాండ్ కోసం తయారైన రూపమే కావాలి.

ప్రశ్న: ఫాంట్ మారిస్తే స్టాఫ్ కింద తెలుగు సాహిత్యం కూడా మారుతుందా?

జవాబు: మారదు. సాహిత్యం లిరిక్స్ టెక్స్ట్ స్టైల్‌లోని ఫాంట్‌ది. అక్కడ యూనికోడ్ తెలుగు ఫాంట్ ఇవ్వండి. ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి రెండు చరణాలుంటే వరసల మధ్య దూరం కొంచెం పెంచాల్సి వస్తుంది.

ప్రశ్న: బ్రవురాలో రెండు గుర్తులు మార్చాను. మిత్రులకు ఇవ్వొచ్చా, అమ్మొచ్చా?

జవాబు: బ్రవురా ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది. మార్చి పంచుకోవచ్చు, కానీ మార్చినదానికి బ్రవురా అన్న పేరు ఉండకూడదు, అదే లైసెన్సు కొనసాగాలి, ఫాంట్‌ను విడిగా అమ్మకూడదు. దానితో ముద్రించిన స్కోరును మాత్రం నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు. పేరు మార్చేటప్పుడు ఫాంట్‌ఫోర్జ్‌లో ఫ్యామిలీ నేమ్, ఫుల్ నేమ్, పోస్ట్‌స్క్రిప్ట్ నేమ్ మూడూ మార్చండి. ఒకటి వదిలేస్తే కొత్తదీ పాతదీ ఒకే కంప్యూటర్‌లో ఉన్నప్పుడు ఏది ఎక్కుతుందో చెప్పలేం. జేసన్‌లో ‘ఫాంట్‌నేమ్’, ఫోల్డర్ పేరు, ఫైలు పేరు కూడా కొత్తవే కావాలి.